భూతం వేషంలో ఒక కష్టజీవి

దయ్యాల సినిమా అనగానే మన తోటి పెన్షనర్లలో చాలామంది పెదవి విరుస్తారు. అది కుర్రకారు సరదా అనీ, బి.పి. ఉన్నవాళ్ళు చూడవలసిన సరుకు కాదనీ తీసిపారేస్తారు. ఇప్పుడు వస్తున్నవాటి గురించి నేనేమీ వాదించను. కాని 1930ల నాటి నలుపు తెలుపు ఇంగ్లీషు హారర్ చిత్రాలంటే మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ మోజు. ఫిల్మ్ సొసైటీ వారు వేసినవి కొన్ని, అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్లలో కొన్ని, ఈమధ్య మనవడు ఫోనులో వెతికి పెట్టినవి కొన్ని, ఇలా ఒక్కొక్కటి నాలుగైదు సార్లు చూసినవే. వాటిలో నెత్తురు కనిపించదు. కేకలు తక్కువ. నీడలు ఎక్కువ. చూసి లేచిన తరువాత భయం కంటే జాలి ఎక్కువ సేపు మనసులో నిలుస్తుంది.

ఆ జాలికి కారకుడు బోరిస్ కార్లాఫ్ అనే నటుడు. బల్లపరుపు తల, మెడకు రెండు పక్కలా ఇనుప మేకులు, సగం మూసుకున్న కళ్ళు, పొట్టి చేతుల కోటు వేసుకున్న ఆ భూతం బొమ్మ చూడనివారు ఉండరు. ఆ వేషం లోపల ఉన్న మనిషి కథ మాత్రం చాలామందికి తెలియదు. ఉద్యోగుల సంఘం ప్రత్యేక సంచికలో సినిమా నటుడి జీవితం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆయన తండ్రి మన దేశంలో ప్రభుత్వోద్యోగం చేసినవాడు. ఆయన స్వయంగా ఒక పెద్ద ఉద్యోగుల సంఘాన్ని నిలబెట్టినవారిలో ఒకడు. ఎనభై ఏళ్ళు దాటినా పని మానలేదు. ఈ మూడు కారణాలూ చాలుననుకుంటాను.

ఉప్పు శాఖ ఉద్యోగి కొడుకు

కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్ నగరంలోని కాంబర్‌వెల్ ప్రాంతంలో పుట్టాడు. తొమ్మండుగురు సంతానంలో అందరికంటే చిన్నవాడు. తండ్రి ఎడ్వర్డ్ జాన్ ప్రాట్ బ్రిటిష్ ప్రభుత్వం తరఫున ఇండియాలో ఉప్పు పన్ను వసూలు చేసే శాఖలో పనిచేశాడు. తల్లి ఎలైజా సారా 1848లో ఇండియాలోనే పుట్టింది. 1864లో వారి పెళ్ళి సూరత్‌లో జరిగింది. 1930లో గాంధీగారు ఆ ఉప్పు చట్టాన్ని ధిక్కరించి ఉప్పు తీసిన దండి గ్రామం ఆనాడు సూరత్ జిల్లాలోనిదే. ఆ మరుసటి సంవత్సరమే, ఎక్కడో అమెరికాలో, ఆ ఉప్పు శాఖ ఉద్యోగి కొడుకు భూతం వేషంతో లోకప్రసిద్ధుడయ్యాడు.

తల్లి వైపు బంధుత్వం ఇంకా చిత్రమైనది. సయాం రాజుగారి పిల్లలకు చదువు చెప్పిన అన్నా లియొనోవెన్స్ పేరు 1956లో వచ్చిన ‘ది కింగ్ అండ్ ఐ’ సినిమా చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఆమె కార్లాఫ్ అమ్మమ్మకు తోబుట్టువు. ఆమె పుట్టింది మన అహమద్‌నగర్‌లో. అయినా జీవితమంతా వేల్స్‌లో పుట్టానని చెప్పుకుంది. ఇండియాలో పుట్టి, కాస్త ఇండియా రక్తం కలిసిందని తెలిస్తే ఆ రోజుల్లో తెల్లవారి సమాజంలో చులకన. ప్రాట్ కుటుంబంలోనూ ఆ ఛాయ ఉంది. చిన్న విలియం మిగతా ఇంగ్లీషు పిల్లల కంటే రంగు తక్కువ. దానికి తోడు దొడ్డికాళ్ళు, నత్తి, ‘స’ అక్షరం సరిగా పలకని నాలుక. ఈ లోపాలన్నీ పెట్టుకుని నటుడవుతానన్నాడంటే ఆ కుర్రవాడి మొండితనం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

తల్లి చిన్నతనంలోనే పోయింది. అన్నలు, అక్క పెంచారు. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డ్‌లో పెరిగాడు. తొమ్మిదేళ్ళ వయసులో చర్చి పిల్లలు వేసిన సిండ్రెల్లా నాటకంలో దయ్యాల రాజు వేషం వేశాడు. ఆ ముచ్చట తరువాత జీవితాంతం వదల్లేదు. అన్నలంతా సర్కారు కొలువుల్లో కుదురుకుంటున్నారు. వారిలో జాన్ ప్రాట్ చైనాలో బ్రిటిష్ కాన్సలర్ సర్వీసులో ఎదిగి సర్ బిరుదు కూడా పొందాడు. తమ్ముడూ అదే దారి పట్టాలని ఇంటివారి పట్టు. కింగ్స్ కాలేజీలో చేర్పించారు. విలియం మనసు చదువు మీద కంటే నాటకశాలల మీద ఉండేది. జార్జి అనే మరో అన్న కొంతకాలం వేషాలు వేసి, అన్నం పెట్టదని వదిలేశాడు. దాన్ని చూసైనా తమ్ముడికి బుద్ధి రాలేదని పెద్దవాళ్ళు బాధపడి ఉంటారు. మంచి సర్కారు ఉద్యోగం కాదని నాటకాలంటూ తిరిగే కొడుకులు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు కదా, ఆ బాధ మనకు తెలియనిది కాదు.

ఇరవై ఏళ్ళ తిరుగుడు

1909లో కెనడాకు ఓడ ఎక్కాడు. ఆస్ట్రేలియానా కెనడానా అని నాణెం ఎగరవేసి తేల్చుకున్నానని తరువాత చెప్పుకునేవాడు. ఒంటారియోలో పొలం పని, తెల్లవారక ముందే లేచి గుర్రాలను పట్టి తేవడం. తరువాత పశ్చిమాన వాంకూవరు వైపు వెళ్ళి పలుగు పార పట్టి గుంటలు తవ్వడం. ప్రభువుల బిడ్డలు చదివే బడుల్లో చదివిన కుర్రవాడు రోజుకూలీ అయ్యాడు.

1911లో కామ్‌లూప్స్ అనే ఊళ్ళో ఒక సంచార నాటక సమాజంలో చేరాడు. పాత అనుభవం ఉందని చెప్పి చేరాడు. మొదటి రాత్రి తెర లేచేసరికి తన జీతం వారానికి 30 డాలర్లనీ, తెర పడేసరికి 15 డాలర్లకు దిగిపోయిందనీ ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. అప్పుడు పెట్టుకున్న పేరే బోరిస్ కార్లాఫ్. ప్రాట్ అనే మాటకు ఇంగ్లీషులో పిరుదు అనే అర్థం ఉండటం ఒక ఇబ్బంది. ఇంటిపేరు నాటకాల్లో వాడితే అన్నల పరువు పోతుందనే శంక మరొకటి. కార్లాఫ్ అన్నది తల్లి తరఫు పూర్వీకుల పేరని ఆయన అనేవాడు. అలాంటి ఆధారమేదీ దొరకలేదని ఆయన కూతురు సారా తరువాత చెప్పింది.

1912 జూన్ 30న కెనడాలోని రెజైనా నగరాన్ని పెద్ద సుడిగాలి తాకింది. ఆ సమయానికి ఆయన ఆ ఊళ్ళోనే ఉన్నాడు. నాటక సమాజం చెదిరిపోయింది. మళ్ళీ కూలిపని, మళ్ళీ ఇంకో సమాజం, వారానికో నాటకం, ఊరికో మకాం. ఇలా తిరిగి తిరిగి హాలీవుడ్ చేరుకున్నాడు. అక్కడ మూకీ చిత్రాల్లో గుంపులో గోవిందయ్య వేషాలు. రంగు తక్కువ కావడం వల్ల హిందూ పూజారిగా, మహారాజుగా, అరబ్బుగా, మెక్సికనుగా వేషాలిచ్చేవారు. ఏ ఛాయను ఆయన పెద్దలు దాచుకోవాలని చూశారో అదే ఆయనకు నాలుగు రొట్టె ముక్కలు పెట్టింది. అవీ లేనప్పుడు లారీ తోలేవాడు, బరువులు ఎత్తి దించేవాడు. ముప్పై అయిదేళ్ళు దాటిన వయసులో ఆ మోత పని నడుముకు మంచిది కాలేదు.

ఆ రోజుల్లోనే వేయి ముఖాల నటుడని పేరుపడ్డ లాన్ చానీతో పరిచయమైంది. ఇతరులు చేయలేనిది, చేయడానికి ఇష్టపడనిది ఏదైనా వెతికి పట్టుకోమని చానీ సలహా ఇచ్చాడట. ఆ సలహా పండటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1931లో హోవర్డ్ హాక్స్ తీసిన ‘ది క్రిమినల్ కోడ్’ చిత్రంలో జైలు ఖైదీ వేషం కొంత పేరు తెచ్చింది. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్ళు. చిన్నాచితకా వేషాలు డెబ్బై పైచిలుకు చేసి ఉన్నాడు. ప్రమోషను ఇక రాదనుకున్న వయసులో, ఒక మధ్యాహ్నం భోజనశాలలో, ఆర్డరు వచ్చింది.

భూతం పుట్టుక

యూనివర్సల్ కంపెనీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీస్తోంది. 1818లో మేరీ షెల్లీ రాసిన నవల దానికి మూలం. శవాల అవయవాలను కుట్టి, ప్రాణం పోసిన శాస్త్రవేత్త పేరు ఫ్రాంకెన్‌స్టైన్. ఆయన చేసిన జీవికి అసలు పేరే లేదు. లోకం మాత్రం తండ్రి పేరే బిడ్డకు తగిలించింది. భూతం వేషానికి ముందు అనుకున్నది డ్రాకులాగా పేరుపడ్డ బేలా లుగోసిని. అది కుదరలేదు. దర్శకుడు జేమ్స్ వేల్ స్టూడియో భోజనశాలలో కార్లాఫ్‌ను చూసి, ఆ ముఖం ఎముకల పొందిక బాగుందని, భూతం వేషానికి మేకప్ పరీక్షకు రమ్మని పిలిచాడు. ఆ రోజు తాను మంచి సూటు వేసుకుని అందంగా ఉన్నాననుకున్న కార్లాఫ్‌కు లోపల కొంచెం చివుక్కుమన్నదట. అయినా పని పనే అని ఒప్పుకున్నాడు.

మేకప్ చేసినవాడు జాక్ పియర్స్. పుర్రెను డబ్బా మూతలా కోసి మెదడు పెట్టి మూసినట్టు తల పైభాగం బల్లపరుపుగా చేశాడు. మెడ దగ్గరి మేకులు విద్యుత్తు ప్రవేశించే చోట్లు. దూది, కొలోడియన్ అనే జిగురు ద్రవం పొరలు పొరలుగా అంటించి నుదురు కట్టాడు. కనురెప్పల మీద మైనం పెట్టి బరువుగా వాలేలా చేశాడు. నోట్లో కట్టుడు పళ్ళు తీసేసి చెంప సొట్టపడేలా చేయడం కార్లాఫ్ సొంత ఉపాయం. ఈ అలంకారానికి రోజూ నాలుగు గంటలు పట్టేది. తీయడానికి గంటకు పైనే. పాదరక్షలు ఒక్కొక్కటి ఐదారు కిలోలు. కోటు కింద మందపాటి మెత్తలు. కాలిఫోర్నియా ఎండాకాలం, స్టూడియో దీపాల వేడి. తెల్లవారుజామున కుర్చీలో కూర్చుంటే పగలంతా షూటింగు, రాత్రికి ఆ తోలంతా ఊడబెరుక్కోవడం. ఒక దఫా వరసగా ఇరవై అయిదు గంటలు ఆ వేషంలోనే ఉండి పనిచేయవలసి వచ్చింది. ఓవర్ టైము అన్న మాట అక్కడ లేదు.

చివరి ఘట్టంలో భూతం తనను సృష్టించిన శాస్త్రవేత్తను భుజాన వేసుకుని కొండ మీది గాలిమరకు ఎక్కాలి. కోలిన్ క్లైవ్ అనే ఆ నటుణ్ణి మోస్తూ మళ్ళీ మళ్ళీ ఎక్కించారు. లారీల రోజుల్లోనే పాడైన నడుముకు అది తోడై జీవితాంతం బాధించింది. తరువాత ఆపరేషన్లు కూడా చేయించుకోవలసి వచ్చింది.

ఇంత చేసిన మనిషి పేరు సినిమా మొదట్లో పడదు. పాత్రధారుల పట్టికలో భూతానికి ఎదురుగా ఒక ప్రశ్నార్థకం గుర్తు మాత్రం ఉంటుంది. ప్రేక్షకులకు ఉత్కంఠ కలిగించడం కోసం చేసిన పని అది. చివరి పట్టికలోనే కార్లాఫ్ పేరు కనిపిస్తుంది. చిత్రం 1931 నవంబరులో విడుదలైంది. అంతటితో ఆ ప్రశ్నకు జవాబు లోకమంతా తెలిసింది.

నాకు అందులో రెండు దృశ్యాలు మరపురానివి. చీకటి గదిలో పడి ఉన్న భూతానికి పై కప్పులోని కిటికీ తెరిచి మొదటిసారి వెలుతురు చూపిస్తారు. ఆ వెలుతురును పట్టుకోవాలని రెండు చేతులూ పైకి చాస్తాడు. కిటికీ మూస్తారు. చేతులు అలాగే ఉంటాయి. ఒక్క మాట లేదు. పుట్టిన బిడ్డను తండ్రి వద్దనుకుంటే ఎలా ఉంటుందో ఆ చేతులు చెబుతాయి. రెండోది చెరువు గట్టు మీద చిన్నపిల్లతో పువ్వులు నీళ్ళలో వేసి ఆడుకోవడం. ఆ పిల్ల ఒక్కతే అతణ్ణి చూసి భయపడదు. పువ్వులు అయిపోతే, పువ్వులాగే పిల్ల కూడా తేలుతుందనుకుని నీళ్ళలోకి విసురుతాడు. ఆ ముక్కను కత్తిరించి చాలాకాలం చూపించారు. పిల్ల వైపు చేతులు చాచడం వరకే ఉండి, తరువాత శవం కనిపించేసరికి చూసేవారు ఉన్నదానికంటే ఘోరమైనది ఊహించుకున్నారు. 1980ల్లో ఆ ముక్క మళ్ళీ చేర్చిన తరువాత అతని అమాయకత్వం అర్థమైంది. కత్తిరించి మేలు చేశామనుకున్నవారు నిజానికి అతనికి అన్యాయమే చేశారు.

సినిమా చూసిన చిన్నపిల్లలు భూతం మీద జాలిపడి కార్లాఫ్‌కు ఉత్తరాలు రాసేవారు. పెద్దవాళ్ళు కెవ్వుమన్నచోట పిల్లలకు అసలు సంగతి తెలిసిపోయింది. మన ‘పాతాళ భైరవి’లో ఎస్.వి. రంగారావుగారి మాంత్రికుణ్ణి చూసి దడుచుకుంటూనే ఆయనంటే ఇష్టపడిన మన తరానికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

సంఘం పెట్టినవాడు

1932లో ‘ది మమ్మీ’ వచ్చింది. శరీరమంతా పాతగుడ్డ పీలికలు చుట్టడానికి ఎనిమిది గంటలు పట్టింది. తెర మీద అది కొద్ది నిముషాలే. అదే ఏడు ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ కూడా వచ్చింది. కంపెనీకి డబ్బు వరదలా వచ్చింది. కాని అది ఆర్థికమాంద్యం కాలం. ఒప్పందం ప్రకారం తనకు రావలసిన జీతం పెంపును కంపెనీ కోరిక మీద కార్లాఫ్ వాయిదా వేసుకున్నాడు. గడువు తీరినా ఇవ్వకపోవడంతో 1933లో లేచి బయటికి వచ్చేశాడు. ‘ది ఇన్‌విజిబుల్ మాన్’ వేషం ఆయన చేతికి రాకుండా క్లాడ్ రెయిన్స్‌కు వెళ్ళింది. కొంతకాలానికి కంపెనీ దిగివచ్చి రాజీ చేసుకుంది.

తన ఒక్కడి సంగతి చూసుకుని ఊరుకుంటే ఆయన గురించి ఇక్కడ రాసేవాణ్ణి కాదు. 1933 మార్చిలో బ్యాంకులు మూతపడ్డప్పుడు స్టూడియోల యజమానులు జీతాలకు సగానికి సగం కోత పెట్టారు. కొద్దిమంది నటులు కెనెత్ థామ్సన్ అనే తోటి నటుడి ఇంట్లో గుట్టుగా కలుసుకోవడం మొదలుపెట్టారు. తెలిస్తే వేషాలు పోతాయి. అలా కలిసినవారిలో కార్లాఫ్ ఒకడు. ఆ ఏడాది జూన్ 30న స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ రిజిస్టరైంది. అప్పటికి ఆయన పెద్ద తార. కంపెనీలు ఆయనను పోగొట్టుకోవడానికి ఇష్టపడని దశ. తన పని తాను చూసుకున్నా అడిగేవాడు లేడు. అయినా ఇరవై ఏళ్ళు గుంపులో వేషాలు వేసిన రోజులు మరచిపోలేదు. తోటి నటులను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి సభ్యులుగా చేర్పించాడు. సంవత్సరాల తరబడి గిల్డ్ కార్యవర్గంలో పనిచేశాడు. 1937 మే నెలలో, సమ్మెకు సభ్యులు సిద్ధమైన తరువాత, స్టూడియోలు గిల్డ్‌ను గుర్తించి ఒప్పందం మీద సంతకం పెట్టాయి. పని గంటలు, విశ్రాంతి వేళలు కాగితం మీదికి వచ్చాయి.

ఇక్కడ మనవారికి బాగా అర్థమయ్యే ఒక సంగతి ఉంది. 1957లో అమెరికాలో టెలివిజన్ వారు పాత హారర్ చిత్రాలన్నీ కొని వేయడం మొదలుపెట్టారు. కొత్త తరం పిల్లలకు కార్లాఫ్ మళ్ళీ దేవుడయ్యాడు. కాని ఆ ప్రదర్శనల వల్ల ఆయనకు పైసా రాలేదు. 1960లో గిల్డ్ సమ్మె చేసింది. సభ్యులకు పెన్షను, వైద్య సహాయ పథకం సాధించింది. సినిమా టెలివిజన్‌లో వేసినప్పుడు నటులకు వాటా అన్నది కూడా సాధించింది. అయితే ఆ వాటా 1960 నుంచి తీసిన చిత్రాలకే. అంతకు ముందు ఒళ్ళు హూనం చేసుకున్నవారి చిత్రాలకు లేదు. కటాఫ్ తేదీ అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క అన్న నిబంధనను 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది కాబట్టే ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. హాలీవుడ్ పాతకాపులకు అలాంటి తీర్పు రాలేదు. అయినా పెన్షను అనే హక్కు వెనకవారికి దక్కింది. తాము నాటిన చెట్టు నీడ తమకు పూర్తిగా అందకపోయినా నాటినవారు నాటినవారే.

ఆ గిల్డ్ 2012లో మరో సంఘంతో కలిసి ఇంకా పెద్దదైంది. 2023లో అది 118 రోజులు సమ్మె చేసింది. ఈసారి తగాదాలో ఒక అంశం, నటుడి ముఖాన్ని, గొంతును కంప్యూటరుతో నకలు తీసి వాడుకోవడం. ముఖం కోసం రోజుకు నాలుగు గంటలు కుర్చీలో కూర్చున్న మనిషి ఆ మాట వింటే ఏమనుకునేవాడో!

వేషం తీసిన మనిషి

1933లో ‘ది ఘూల్’ చిత్రం కోసం దాదాపు పాతికేళ్ళ తరువాత ఇంగ్లండు వెళ్ళాడు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న అన్నలు తనను చూసి సిగ్గుపడతారేమోనని జంకాడు. తీరా చూస్తే, తమ్ముడి పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఆ పెద్దమనుషులు పోటీపడ్డారు. పేరు మార్చుకున్ననాటి బెరుకు ఆ రోజుతో తీరి ఉంటుంది.

1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చింది. అందులో భూతానికి నాలుగు మాటలు నేర్పడం కార్లాఫ్‌కు నచ్చలేదు. మూగగా ఉంటేనే గుండెకు తగులుతుందని ఆయన నమ్మకం. నా మటుకు నాకు, గుడ్డి ముసలివాడి గుడిసెలో భూతం రొట్టె తిని, సంగీతం విని, కన్నీరు కార్చే ఘట్టం చూశాక ఆ విషయంలో దర్శకుడి పక్షమే సరైనదనిపిస్తుంది. మూడోసారి, చివరిసారి పూర్తి చిత్రంలో ఆ వేషం వేసింది 1939లో విడుదలైన ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో. అది తీస్తుండగా 1938 నవంబరు 23న, సరిగ్గా తన యాభై ఒకటో పుట్టినరోజున, కూతురు పుట్టింది. ఆయనకు ఆమె ఒక్కతే సంతానం. వివాహాలు మాత్రం ఒకటి కంటే చాలా ఎక్కువే. 1946లో చేసుకున్న ఎవలిన్ చివరిదాకా తోడుంది.

బయట ఆయన మెత్తని మనిషి. తోటపని, పుస్తకాలు, క్రికెట్. 1932లో మాజీ ఇంగ్లండు కెప్టెన్, నటుడు ఆబ్రీ స్మిత్ పెట్టిన హాలీవుడ్ క్రికెట్ క్లబ్బులో ఆయన తొలి సభ్యుడు. గొంతు మంద్రంగా, కథ చెప్పడానికి పుట్టినట్టు ఉండేది. పిల్లల కోసం కిప్లింగ్ కథలు చదివి రికార్డులిచ్చాడు. 1950లో న్యూయార్కు రంగస్థలం మీద ‘పీటర్ పాన్’లో కెప్టెన్ హుక్ వేషం వేసినప్పుడు, ఆట అయ్యాక లోపలికి వచ్చిన పిల్లలకు తన ఇనుప కొక్కెం తగిలించి చూసుకోనిచ్చేవాడు.

1941 జనవరి 10న ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ నాటకం మొదలైంది. సినిమాల్లో ఎంత పేరున్నా పెద్ద రంగస్థలం అంటే ఆయనకు భయం వేసింది. యాభై మూడేళ్ళ వయసులో చిన్ననాటి నత్తి మళ్ళీ తలెత్తింది. రాత్రిళ్ళు న్యూయార్కు వీధుల్లో నడుస్తూ సంభాషణలు వల్లెవేసుకుని దాన్ని లొంగదీశాడు. లోకాన్ని భయపెట్టినవాడు తనలోని భయాన్ని అలా జయించాడు. ఆ నాటకం మొత్తం 1,444 ప్రదర్శనలు నడిచింది.

1945లో వచ్చిన ‘ది బాడీ స్నాచర్’ ఆయన చిత్రాల్లో నా దృష్టిలో అగ్రశ్రేణిది. మేకప్ ఏమీ లేకుండా, నవ్వుతూ మాట్లాడే బండివాడిగా, శవాలు తెచ్చి వైద్యులకు అమ్మేవాడిగా నటించాడు. భూతం చూసి జాలిపడిన మనం ఈ నవ్వే మనిషిని చూసి వణుకుతాం.

చివరి రోజులు

ముసలితనం ఆయనకు సుఖంగా గడవలేదు. నడుము, మోకాళ్ళు పట్టేశాయి. కాళ్ళకు ఇనుప పట్టీలు వేసుకునేవాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. షూటింగులో చక్రాల కుర్చీలో కూర్చుని, ఆక్సిజన్ పీల్చుకుని, కెమేరా తిరిగే వేళకు లేచి నిలబడేవాడు. మరీ చవకబారు చిత్రాలూ చేశాడు. పని లేకుండా మంచం మీద ఉండటం కంటే పనిలోనే పోవడం మేలని ఆయన అభిప్రాయం. అందరూ అలా ఉండాలని నేననను. అవతల మందుల బిల్లులు, ఇవతల ఓపిక, రెండింటి లెక్కా మనకు తెలుసు. 1966లో ‘గ్రించ్’ అనే పిల్లల టెలివిజన్ బొమ్మల చిత్రానికి ఆయన గొంతు ఇచ్చాడు. దాని రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది.

1968లో పీటర్ బోగ్డనోవిచ్ అనే కొత్త దర్శకుడు ‘టార్గెట్స్’ తీశాడు. నిర్మాత రోజర్ కోర్మన్‌కు కార్లాఫ్ ఇంకా రెండు రోజుల పని బాకీ ఉండటం వల్ల పుట్టిన సినిమా అది. కథ నచ్చి ఆయన బాకీకి మించి పనిచేశాడు. అందులో ఆయన ఒక ముసలి హారర్ నటుడు. వార్తాపత్రికల్లో రోజూ వచ్చే హత్యల ముందు తన భూతాలు ఎవరిని భయపెడతాయని విసిగి రిటైరవుతానంటాడు. అదే ఊళ్ళో చక్కగా చదువుకున్న, మర్యాదస్తుడైన యువకుడొకడు తుపాకీ పట్టుకుని కనిపించినవారినల్లా కాల్చేస్తుంటాడు. 1966లో టెక్సాస్ విశ్వవిద్యాలయ గోపురం మీది నుంచి జరిగిన కాల్పులు దానికి ఆధారం. చివరికి ఆ ముసలివాడు చేతికర్రతో నేరుగా హంతకుడి మీదికి నడిచి వెళతాడు. తెర మీది కార్లాఫ్ ఒకవైపు, నిజం కార్లాఫ్ ఒకవైపు కనిపించి ఆ యువకుడు తికమకపడి దొరికిపోతాడు. భూతాల సినిమాలు మనుషుల్ని చెడగొడతాయని వాదించేవారు ఈ చిత్రం ఒకసారి చూడాలి. నిజమైన భయం మేకప్ వేసుకుని రాదు.

1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్ ఆస్పత్రిలో, ఎనభై ఒకటో ఏట, కార్లాఫ్ కన్నుమూశాడు. గిల్డ్‌ఫర్డ్‌లో దహనం జరిగింది. 1997లో అమెరికా తపాలా శాఖ సినిమా భూతాల మీద అయిదు బిళ్ళలు విడుదల చేస్తే, వాటిలో రెండు ఆయన వేషాలవే.

భూతం వేషం వల్లనే జీవితమంతా ఒకే మూసలో పడ్డావని సానుభూతి చూపినవారితో ఆయన ఎన్నడూ ఏకీభవించలేదు. ఆ భూతాన్ని తన ప్రాణమిత్రుడిగా తలచుకునేవాడు. ముప్పై అయిదేళ్ళు ఒకే సీటులో ఫైళ్ళు చూసి, ఆ సీటు పేరుతోనే ఊళ్ళో గుర్తింపు పొందిన మనలాంటివారికి ఆ కృతజ్ఞత అర్థమవుతుంది. ఏ పని మనకు అన్నం పెట్టిందో దాన్ని తక్కువ చేసి మాట్లాడకపోవడం ఒక సంస్కారం.

సభ్య మిత్రులకు నాదొక మనవి. ఈ సెలవులకు మనవలు ఇంటికి వచ్చినప్పుడు ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పెట్టించుకుని వారితో కలిసి చూడండి. గంటా పది నిముషాల సినిమా. మందులు వేసుకునే వేళ కూడా దాటదు. భూతాన్ని చూసి వారు నవ్వితే నవ్వనివ్వండి. ఆ చేతులు వెలుతురు కోసం చాచినప్పుడు మాత్రం పిల్లల ముఖాలు చూడండి. ఆ తరువాత, ఆ వేషంలో ఉన్నది మన దేశంలో ఉప్పు శాఖలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకనీ, తోటివారి పని గంటల కోసం సంఘం పెట్టినవాడనీ వారికి చెప్పండి.